పట్నం నుంచి కాన్వాసు – నాలుగో పాఠం: గుడ్డకు ఏదీ ఆనొద్దు

బొమ్మలు వేసే కాన్వాసును, అంటే కట్టె చట్రానికి బిగించిన గుడ్డను, హైదరాబాద్‌లో కొని చెడకుండా రైల్లో ఇంటికి తెచ్చుకోవడం ఎట్లాగో ఈ పాఠాల్లో చెప్తున్నాను. మూడో పాఠం చదివి కోఠి పోయి కాన్వాసులు తెచ్చుకున్నవాళ్లు పంపిన ఫొటోలు చూశాను. జనగామ తమ్ముడి కాన్వాసుకు నట్టనడుమ బొటనవేలంత గుంట. పెద్దపల్లి చెల్లె తెచ్చిన రెండింటికీ సరిగ్గా ఒకేచోట ఒకేలాంటి నొక్కు. కరీంనగర్ అన్న కాన్వాసు మీదైతే ఈ మూల నుంచి ఆ మూలకు సుతిలి గీత. ఈసారి రైలెక్కడం, దిగడం నేర్పుతానన్నాను. నేర్పుతాను గానీ ముందు ఈ గుంటల సంగతి తేలాలి.

తప్పు నాదే. "రెండు కాన్వాసులను ఎదురెదురుగా పెట్టి కట్టండి" అని మూడో పాఠంలో రాసి వదిలేశాను. నడుమ నాలుగు మూలలకూ అట్టముక్కలు పెట్టాలని రాయలేదు. ఏళ్ల తరబడి చేతికి అలవాటైన పని కాబట్టి అందరూ పెడతారులే అనుకున్నాను. పెద్దపల్లి చెల్లె నేను చెప్పింది చెప్పినట్టే చేసింది. రెండు గుడ్డలూ ఒకదానికొకటి తగులుకుని, బోగీలో ఎవరి మోచేయో పడి, రెండూ కలిసి లోపలికి పోయాయి.

ఇప్పుడు పూర్తిగా చెప్తాను. అగ్గిపెట్టెంత అట్టముక్కలు నాలుగు తీసుకుని ఒక్కోదాన్ని మూడు మడతలు వేయండి. కాన్వాసు మూలల్లో, కింద కట్టె ఉన్నచోటే పెట్టండి. దాని మీద రెండో కాన్వాసును బోర్లించండి. రెండు గుడ్డల నడుమ చిటికెనవేలు దూరేంత సందు ఉండాలి. వెలుపలి రెండు వైపులా, అంటే రెండు వీపుల మీదా, చట్రం కొలతకు కోసిన గట్టి అట్ట పెట్టి కట్టెకు టేపు వేయండి. సుతిలి కట్టేటప్పుడు అది కట్టె మీదుగానే పోవాలి, అడ్డంగా గాని ఏటవాలుగా గాని గుడ్డ మీద నుంచి పోకూడదు. కరీంనగర్ అన్న తెచ్చింది ఒక్కటే కాన్వాసు, దానికి కట్టింది బియ్యం మూటకు కట్టే కట్టు. ఒక్కటే తెస్తే రెండో కాన్వాసు బదులు అట్ట పెట్టండి, మూలల ముక్కలు మాత్రం మానొద్దు.

బబుల్ షీటు చుట్టాను కదా, మరి గుంట ఎట్లా పడిందని జనగామ తమ్ముడు అడిగాడు. బబుల్ షీటు గీతలను ఆపుతుంది, ఒత్తిడిని ఆపదు. కాన్వాసు డప్పులాంటిది. చుట్టూ బిగించి కట్టిన గుడ్డ, నడుమ ఏ ఆధారమూ ఉండదు. నడుమ ఏది ఆనినా అక్కడ నూలు సాగుతుంది. ఐదు నిమిషాలు ఆనితే తిరిగి వస్తుంది, రెండు గంటలు ఆనితే రాదు. సికింద్రాబాద్ నుంచి కాజీపేట 132 కిలోమీటర్లు. అంతసేపు పక్కాయన టిఫిన్ డబ్బా మూల ఆనుకుని ఉందంటే, చుట్టింది బబుల్ షీటైనా బొంత అయినా ఒకటే.

ఆనడం అంటే రైల్లోనే అనుకోకండి. దుకాణంలో కాన్వాసును స్టాండు మొనకు ఆనించి డబ్బులు లెక్కపెడతారు. ఆటోలో ఒళ్లో పరిచి దాని మీద రంగుల సంచీ పెడతారు. ప్లాట్‌ఫాం మీద నల్లా పక్కన నిలబెడతారు, నల్లా పిడి సరిగ్గా నడుమకు వస్తుంది. బోగీలో పై రాక్ మీద పడుకోబెడతారు. ఖాళీ బల్లలా కనిపించిన దాని మీద ఎక్కిన ప్రతివాడూ తన బ్యాగు పెడతాడు, వాళ్లనేమీ అనలేం. ఇంటికొచ్చాక కుర్చీ వీపుకు ఆనించి అన్నానికి కూర్చుంటారు. దారి పొడుగునా కాపాడుకొచ్చి ఇంట్లో కుర్చీకి బలిచ్చిన వాళ్లు నాకు తెలుసు. కట్టెకు ఏదన్నా తగలనివ్వండి, ఫర్వాలేదు. గుడ్డకు మాత్రం ఏదీ తగలకూడదు.

గుంట పడినవాళ్లు బాధపడకండి. డప్పు సడలితే మంటకు కాస్తారు, కాన్వాసు సడలితే నీళ్లు పెడతారు. బోర్లించి, వీపు వైపు గుంట మీదా దాని చుట్టూ బెత్తెడు మేరా గోరువెచ్చని నీళ్లు కుంచెతో పలచగా రాయండి, కారకూడదు. నీడలో నిలబెట్టి ఆరనివ్వండి. చాలావరకు బిగుసుకుంటుంది. ఇంకా వదులుగా ఉంటే చట్రం లోపలి మూలల్లో ఉండే చిన్న చెక్క చీలలను సుత్తితో మెల్లగా తట్టండి. ఇస్త్రీపెట్టె జోలికి పోవద్దు.

ఇక ప్రయాణం. కొలత ముందు చూసుకోండి. పెట్టెలు, ట్రంకులు బోగీలోకి తీసుకెళ్లడానికి రైల్వే ఒప్పుకునే కొలత 100 × 60 × 25 సెంటీమీటర్లు. ఏసీ త్రీ టైర్‌లో, ఏసీ చైర్ కార్‌లో 55 × 45 × 22.5 మాత్రమే. 24 × 36 అంగుళాల కాన్వాసు వెడల్పే 61 సెంటీమీటర్లు, అట్ట, టేపు చేరితే ఇంకాస్త పెరుగుతుంది. నన్నడిగితే 20 × 30 దగ్గర ఆగండి. కట్టు కట్టినా నిబంధనలో ఉంటుంది, చంకకింద పడుతుంది, తలుపులో తట్టుకోదు. చైర్ కార్‌లో 18 × 24 కూడా పట్టదు, అందుకని వందే భారత్ టికెట్ దొరికిందని సంబరపడొద్దు. రిజర్వేషన్ సెకండ్ సిట్టింగ్‌లో కిటికీ సీటు మనకు నయం.

కోఠిలో దుకాణాలు తెరిచే వేళకే చేరండి. సాయంత్రం సుల్తాన్ బజార్ సందుల్లో మనుషులే పట్టరు. ముందు రంగులు, కుంచెలు కొనుక్కుని సంచీ వీపుకు తగిలించుకోండి, కాన్వాసు అన్నిటికంటే చివర. నేను ఆటో ఎక్కను. సుల్తాన్ బజార్‌లో మెట్రో ఎక్కి సికింద్రాబాద్ వెస్ట్‌లో దిగి స్టేషన్‌కు నడుస్తాను. మెట్రో స్కానర్‌లో పట్టకపోతే విప్పి చూపించమంటారు, అందుకే లాగితే ఊడే ముడి వేయండి. రైళ్లు కొన్ని ఇప్పుడు చర్లపల్లి నుంచి నడుస్తున్నాయి, ఇంటి దగ్గరే టికెట్ మీద చూసుకోండి.

సీటు ఉన్నవాళ్లు రైలు ఆగగానే ఎగబడొద్దు, నేను అందరికంటే వెనక ఎక్కుతాను. కట్టను నిలువుగా, అంచు ముందుకు వచ్చేలా పట్టుకుని, పుస్తకాన్ని అరలోకి జార్చినట్టు లోపలికి జరపండి. కూర్చున్నాక పొడవాటి అంచు కిందికి పెట్టి, కిటికీ గోడకూ మీ మోకాళ్లకూ నడుమ నిలబెట్టండి. మీ చేయి పై కట్టె మీద ఉండాలి. నిద్రపోయినా చేయి తీయకండి. దిగడం తొందరగా మొదలుపెట్టండి. కాజీపేటలో దిగేవాళ్లు ఘన్‌పూర్ దాటి పెండ్యాల వచ్చేసరికి లేచి తలుపు వైపు నడవాలి. వరంగల్ వాళ్లు కాజీపేటలో బండి కదలగానే లేవాలి, మిగిలింది 10 కిలోమీటర్లే. భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ కాజీపేట నుంచి పెద్దపల్లి, మంచిర్యాల వైపు మళ్లుతుంది, వరంగల్ వాళ్లు దాన్ని ఎక్కితే కాజీపేటలోనే దిగి హన్మకొండ మీదుగా రావాలి.

నూనె రంగులను పలచన చేసే తార్పీన్ నూనె పట్నంలో కొనొద్దు. అది 35 డిగ్రీల దగ్గరే అంటుకునే ఆవిరి వదులుతుంది. మండే సరుకు రైల్లో తెస్తే రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, జరిమానా ఉన్నాయి. ఆ చట్టం లేకున్నా, పిల్లలు కూర్చున్న బోగీలోకి ఆ సీసా తేవద్దనే అంటాను. మన ఊళ్లో రంగుల దుకాణాల్లో దొరుకుతుంది.

పొడవు మూడడుగులు దాటిన బొమ్మ వేయాలనుకునేవాళ్లు చట్రంతో సహా కొనకండి. మూడడుగుల వెడల్పు ప్రైమర్ గుడ్డ, అంటే రంగుకు ముందు వేసే తొలిపూత పూసిన గుడ్డ కొని, నాలుగంగుళాల పీవీసీ పైపుకు చుట్టి తెచ్చుకోండి. ప్రైమర్ వైపు బయటకు ఉండాలి, లోపలికి చుడితే ముడతలు పడి పొర చిట్లుతుంది. చట్రం హన్మకొండలో వడ్రంగి చేస్తాడు. ఆయనకు ఒక మాట గట్టిగా చెప్పండి: కట్టె లోపలి అంచును కొంచెం ఏటవాలుగా చెక్కాలి, గుడ్డ బయటి అంచుకు మాత్రమే తగలాలి. లేకపోతే కుంచె ఒత్తిన ప్రతిసారీ గుడ్డ లోపలి అంచుకు ఆని, బొమ్మ చుట్టూ నాలుగు వైపులా గీత తేలుతుంది.

ఇక సాధన. పాత ఫొటో ఫ్రేము గాని నాలుగు కర్రలు గాని తీసుకుని 20 × 30 చట్రం చేయండి. దానికి న్యూస్‌పేపర్ బిగువుగా అంటించండి. పైన చెప్పినట్టు కట్టి, ఆదివారం సాయంత్రం హన్మకొండ చౌరస్తాలో షేర్ ఆటో ఎక్కి వరంగల్ చౌరస్తాలో దిగండి. బట్టల బజార్‌లో ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి, నడుమ ఏదన్నా ఒక వస్తువు కొని డబ్బులివ్వండి. వరంగల్ స్టేషన్‌లో జనరల్ టికెట్ తీసుకుని కాజీపేట దాకా రైల్లో రండి. ఇంటికొచ్చి విప్పండి. కాగితం చిరిగితే కొత్తది అంటించి మళ్లీ మొదటి నుంచి. వరుసగా మూడుసార్లు చిరగకుండా వచ్చేదాకా కాన్వాసు కొనొద్దు. చిరిగిన ప్రతిసారీ ఎక్కడ, దేనికి ఆని చిరిగిందో ఆ కాగితం మీదే రాసి, ఫొటో తీసి పంపండి. ఐదో పాఠం ఆ కాగితాలతోనే మొదలుపెడతాను.