రెక్క ఊపు లెక్క, 5వ పాఠం: గాలి ఎటునుంచి తగులుతోంది?

గత పాఠంలో ఇచ్చిన పావురం వీడియోకి మీరు పంపిన జవాబులు చూశాక, కొత్త పాఠం మొదలుపెట్టే ముందు పాత బాకీ తీర్చక తప్పేట్టు లేదు. పక్షి ఒకటే, సూత్రం ఒకటే, స్ట్రౌహాల్ సంఖ్య (సెకనుకి ఎన్ని ఊపులో దాన్ని రెక్క కొస కదిలే ఎత్తుతో గుణించి, పక్షి వేగంతో భాగిస్తే వచ్చేది) మాత్రం 0.03 నుంచి 0.45 దాకా వచ్చింది. రావాల్సింది 0.22, కాస్త అటూ ఇటూగా.

అంకె చూస్తే ఎక్కడ జారారో తెలిసిపోతుంది. 0.45 వచ్చిందంటే రెక్క దిగడం ఒకటి, లేవడం ఒకటి అని రెండుగా లెక్కపెట్టారు. పై కొసలో బయల్దేరిన రెక్క మళ్ళీ పై కొసకి చేరితేనే ఒక ఊపు. సెకనుకి 240 ఫ్రేముల వీడియోలో దానికి 37 ఫ్రేములు పట్టాయి, అంటే సెకనుకి దాదాపు 6.5 ఊపులు. 0.11 వచ్చినవాళ్ళు రెక్క కొస కదలికని భుజం నుంచి పైకి మాత్రమే కొలిచారు. పై కొస నుంచి కింది కొస దాకా మొత్తం తీసుకోవాలి, ఇక్కడ 45 సెంటీమీటర్లు. 0.03 వచ్చినవాళ్ళని ఫోనే ముంచింది. 240 ఫ్రేములతో తీసినదాన్ని అది 30 ఫ్రేముల చొప్పున, ఎనిమిది రెట్లు నిదానంగా చూపిస్తుంది. మీరేమో స్క్రీన్ కింద నడిచే సెకన్లని నమ్మారు. ఫ్రేములే లెక్కపెట్టండి. యాప్‌లు కూడా వద్దు. స్క్రీన్ మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి పెన్సిల్‌తో చుక్కలు పెట్టడమే నా పద్ధతి, తప్పు చేస్తే కంటికి కనిపిస్తుంది.

మోజంజాహి మార్కెట్ దగ్గర నేల మీంచి లేచే పావురాలని సొంతంగా తీసి, సంఖ్య 1 దాటిందని కంగారుపడకండి. అది తప్పు కాదు. లేచేటప్పుడు వేగం తక్కువ, ఊపులు సెకనుకి 8, 9 దాకా ఉంటాయి. 0.2 నుంచి 0.4 అన్న హద్దు నిలకడగా ఎగిరే పక్షికే.

ట్యాంక్‌బండ్ మీద తీసేవాళ్ళకి ఒక మాట. సూత్రంలో వేగం గాలితో పోల్చిన వేగం, నేలతో పోల్చినది కాదు. వానాకాలం పడమటి గాలికి ఎదురెళ్ళే పావురం నేల లెక్కన సెకనుకి 9 మీటర్లే పోతున్నట్టు కనిపించినా, గాలి 4 మీటర్లుంటే దాని అసలు వేగం 13. ఎదురెళ్ళేవి కొన్ని, గాలివాటున పోయేవి కొన్ని తీసి సగటు వేయండి. లేదా గాలి లేని పొద్దున తీయండి, అదే సుఖం.

ఇప్పుడు అసలు పాఠం. సగం జవాబుల్లో కనిపించిన వాక్యం ఇది: 'రెక్క గాలిని వెనక్కి తోస్తుంది, అందుకే పక్షి ముందుకు పోతుంది.' పడవ తెడ్డుకి సరిపోయే మాట, రెక్కకి కాదు. పావురం ముందుకి సెకనుకి 13 మీటర్లు పోతోంది. రెక్క గాలిని తెడ్డులా వెనక్కి నెట్టాలంటే, ఒంటితో పోలిస్తే అది 13 మీటర్ల కంటే ఎక్కువ వేగంతో వెనక్కి పోవాలి. వీడియో మళ్ళీ పెట్టి చూడండి. కిందికి కొట్టేటప్పుడు రెక్క వెనక్కి పోదు సరికదా, కిందికీ కాస్త ముందుకీ పోతుంది. మరి ముందుకి తోసే బలం ఎక్కడిది?

రెక్క కొస మీద కూర్చుని ఆలోచించండి. పక్షి ముందుకు పోతోంది కాబట్టి ఎదురుగా 13 మీటర్ల గాలి. రెక్క దిగుతోంది కాబట్టి కింది నుంచి కూడా గాలి. అదెంత? ఊపుల సంఖ్యని కొస కదిలే ఎత్తుతో, ఆపైన పై (π)తో గుణిస్తే ఊపు మధ్యలో ఉండే గరిష్ఠ వేగం వస్తుంది: 3.14 × 6.5 × 0.45, అంటే 9.2 మీటర్లు. ఈ రెండూ కలిస్తే కొసకి గాలి ముందు నుంచి కాక 35 డిగ్రీలు కింది నుంచి తగులుతుంది. లిఫ్ట్, అంటే రెక్కని మోసే బలం, ఎప్పుడూ తగిలే గాలికి లంబంగా ఉంటుంది, ఆకాశానికి నిటారుగా కాదు. గాలి 35 డిగ్రీలు వాలితే లిఫ్ట్ కూడా అంతే ముందుకి వాలుతుంది. ఆ వాలిన లిఫ్ట్‌లో ముందుకి పోయే వాటా, సైన్ 35, సగానికి పైన. థ్రస్ట్, అంటే ముందుకి తోసే బలం, ఇదే. వేరే బలమేమీ లేదు. రెక్క దించే బొమ్మ వేసి కింద ఒక బాణం పెట్టి వదిలేసే బొమ్మలని చూస్తే నాకు ఒళ్ళు మండేది ఇందుకే.

ఇంకో సంగతి గమనించారా? 9.2ని 13తో భాగిస్తే వచ్చేది స్ట్రౌహాల్ సంఖ్యని πతో గుణిస్తే వచ్చేదే. ఈ సంఖ్య గాలి వాలుని కొలిచే సాధనం అన్నమాట.

రెక్క మధ్యలో కిందికి దిగే వేగం సగమే, గాలి వాలు 19 డిగ్రీలు. భుజం దగ్గర సున్నా. రెక్క పలకలా బిగుసుకుని ఉంటే కొసకి గాలి 35 డిగ్రీల కోణంలో తగిలి స్టాల్ అవుతుంది, అంటే గాలి రెక్క పైభాగాన్ని వదిలేసి లిఫ్ట్ పడిపోతుంది. కాబట్టి కొస ముందంచు కిందికి 25, 30 డిగ్రీలు తిరగాలి, మధ్యలో అందులో సగం, భుజం దగ్గర దాదాపు ఏమీ అక్కర్లేదు. ఈ మెలిక లేనిదే ఊపుడు లేదు.

మెలికలో కొంత పని ఈకే చేసేస్తుంది. బాల్కనీ వల కింద రాలిన పెద్ద ఈక ఒకటి తీసుకోండి. కాడకి ఒక పక్క సన్నగా, రెండో పక్క వెడల్పుగా ఉంటుంది, సన్నదే ముందంచు. కాడ మొదలు వేళ్ళతో గట్టిగా పట్టుకుని కింది నుంచి బొటనవేలితో మెల్లగా నెట్టండి. వెడల్పు పక్క పైకి లేస్తుంది, ముందంచు కిందికి తిరుగుతుంది. రెక్క దిగేటప్పుడు గాలి చేసే పని అదే. చేతులు కడుక్కోండి.

పై ఊపులో గాలి పై నుంచి తగులుతుంది, లిఫ్ట్ వెనక్కి వాలి డ్రాగ్, అంటే వెనక్కి లాగే బలం, అవుతుంది. అందుకే పక్షి మణికట్టు దగ్గర మడిచి కొసని బరువు నుంచి తప్పిస్తుంది, లోపలి సగం మోస్తూనే ఉంటుంది. మిగతాది 6వ పాఠంలో.

అభ్యాసం. నిలకడగా ఎగిరే పావురం ఊపు ఒకటి తీసుకుని, ప్రతి మూడో ఫ్రేములో భుజంతో పోల్చి రెక్క కొస ఎత్తు గుర్తించండి. పావురం ముక్కు నుంచి తోక దాకా 33 సెంటీమీటర్లు అని కొలత పెట్టుకోండి. గ్రాఫ్ గీసి బాగా నిటారుగా ఉన్న చోట వాలు కొలవండి. అది సూత్రం ఇచ్చిన గరిష్ఠ వేగంతో సరిగ్గా కలవదు, ఎందుకంటే πతో గుణించే ఆ సూత్రం ఊపుని పైకీ కిందికీ ఒకేలా సాగే సైన్ వంపు అనుకుంటుంది, అసలు ఊపు అలా ఉండదు. కింది ఊపుకి ఎన్ని ఫ్రేములు, పై ఊపుకి ఎన్ని అన్నది విడిగా రాయండి. ఆపైన కొస, మధ్య, భుజం మూడుచోట్లా గాలి కోణం, రెక్క తిరగాల్సిన కోణం లెక్కకట్టి పంపండి. జవాబు ఒక్కటే పంపితే చూడను, గ్రాఫ్ కావాలి.