షుగరు, కిడ్నీ, కీళ్లవాతం ఉన్నవాళ్లు టీకా వేయించుకుంటే: ఏది టీకా వల్ల, ఏది జబ్బు వల్ల

ఫ్లూ టీకా వేయించుకున్న మూడోరోజు షుగరు 280 చూపిస్తే నింద ముందు టీకా మీదే పడుతుంది. నిజంగా టీకా వల్లే కావచ్చు. జ్వరం తగ్గడానికని వీధి చివర ఆర్‌ఎంపీ వేసిన ఇంజెక్షన్‌లో షుగరు పెంచే స్టెరాయిడ్ డెక్సామెథసోన్ ఉండి ఉండవచ్చు. నీరసమని రెండు గ్లాసులు తాగిన గ్లూకోజు నీళ్లూ కారణం కావచ్చు, క్లినిక్‌కి వెళ్లే హడావుడిలో మర్చిపోయిన మాత్రా కావచ్చు. దీర్ఘకాలిక జబ్బు ఉన్నవాళ్లకు వీటిని విడదీసి చూడటమే కష్టం. ఆ పని సూది పడ్డాక మొదలుపెడితే ఆలస్యమైనట్టే.

టీకాకు వారం ముందు

మామూలు రోజుల్లో మీ ఒళ్లు ఎలా ఉంటుందో కాగితం మీద ఉండాలి. ఒక పాత డైరీ చాలు. షుగరు ఉంటే పరగడుపున, తిన్న రెండు గంటలకు వచ్చే అంకెలు రాయండి. బీపీ, నాడి ఒకే టైముకి, ఒకే మిషన్ మీద చూడండి. కీళ్లవాతం ఉంటే పొద్దున లేచాక బిగుసుకుపోయిన చేతులు ఎన్ని నిమిషాలకు వదులుతున్నాయి, ఏ కీళ్లలో వాపు ఉంది, నొప్పి పదికి ఎంత అన్నది రాయాలి. ఉబ్బసం వాళ్లు రిలీవర్ ఇన్‌హేలర్ రోజుకి ఎన్ని పఫ్‌లు పీలుస్తున్నారో లెక్కపెట్టాలి. కిడ్నీ, గుండె జబ్బు వాళ్లు పొద్దున్నే బరువు చూసుకోవాలి.

మన ఊళ్ల సంగతులు కొన్ని కూడా ఆ డైరీలో ఉండాలి. గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఇల్లు ఉన్నవాళ్లకు సీజన్లో ఘాటుకే దగ్గు, ఆయాసం వస్తాయి. భోగి మంటల పొగ తగిలిన మర్నాడు పిల్లికూతలు వినిపిస్తే టీకాని అనుమానించడం అన్యాయం. మే నెల బెజవాడ ఎండలో మధ్యాహ్నం తిరిగొస్తే టీకా లేకుండానే తలనొప్పి, వాంతి భావన ఉంటాయి. వీలైతే ఎండాకాలంలో పొద్దున తొమ్మిదిలోపు వేయించుకుని ఇంటికొచ్చేయండి.

మందుల మోతాదు మార్చిన వారంలోనూ, జబ్బు బాగా తిరగబెట్టి ఉన్నప్పుడూ టీకా పెట్టుకోకపోవడం మేలు. అప్పుడు ఏది దేనివల్లో చెప్పడం డాక్టరుకీ సాధ్యం కాదు. గట్టి జ్వరం ఉంటే తగ్గేదాకా ఆగాలి. ముక్కు కారినంత మాత్రాన ఆపక్కర్లేదు. ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ రక్తపరీక్షలు చేయించాల్సి ఉంటే టీకాకు ముందే చేయించండి. కుదరకపోతే తర్వాత రెండు వారాలు ఆగండి. టీకా రోగనిరోధక శక్తిని కదిలిస్తుంది కాబట్టి సీఆర్‌పీ కొన్నాళ్లు పెరగవచ్చు. ఆ రిపోర్టు చూసి జబ్బు ముదిరిందనుకుని మందు పెంచే ప్రమాదం ఉంది.

ఏ టీకా అన్నది ముందు తేల్చుకోండి

క్లినిక్‌లో అడగాల్సిన మొదటి ప్రశ్న: ఇందులో బతికున్న వైరస్ ఉందా, చంపిన వైరస్సా? ఎంఎంఆర్, చికెన్‌పాక్స్, ఎల్లో ఫీవర్, ముక్కులో కొట్టే ఫ్లూ స్ప్రే ఇవన్నీ బతికున్న రకం. రోజుకి 20 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ రెండు వారాలు, ఆపైన వాడుతున్నవాళ్లకి, కీమో తీసుకునేవాళ్లకి, అవయవ మార్పిడి జరిగినవాళ్లకి ఇవి పనికిరావు. ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ ఆపాక కనీసం నెల ఆగాలి. ఫ్లూ ఇంజెక్షన్, న్యుమోనియా టీకాలు, హెపటైటిస్ బి, సర్పి టీకా షింగ్రిక్స్ బతికున్న రకం కావు. వీటివల్ల ఆ జబ్బు అంటుకోదు.

కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవాళ్లకి జబ్బు అదుపులో ఉంటే ఫ్లూ టీకా తర్వాత రెండు వారాలు మాత్ర ఆపమని కీళ్ల డాక్టర్లు చెప్పడం ఉంది. టీకా బాగా పట్టడానికే ఆ ఏర్పాటు. దుష్ప్రభావాలకు దానితో సంబంధం లేదు. మిగతా చంపిన టీకాలకు మాత్ర ఆపనవసరం లేదు. ఏదైనా సొంతంగా ఆపొద్దు. రెండు వారాల గ్యాప్‌లో వచ్చే కీళ్ల నొప్పి మాత్ర ఆపినందువల్ల కూడా రావచ్చని గుర్తుంచుకోండి. రోగనిరోధక శక్తిని తగ్గించే రిటుక్సిమాబ్ ఎక్కించుకునేవాళ్లు తర్వాతి డోసు తేదీ చెప్పి టీకా తేదీ అడగాలి. ఫ్లూ టీకాకి మాత్రం సీజన్ దాటిపోకుండా చూసుకుంటే చాలు.

షింగ్రిక్స్ గురించి ఒక మాట. మనం వేయించుకునే పెద్దల టీకాల్లో ఒళ్లు ఎక్కువగా నొప్పి చేసేది ఇదే. ట్రయల్స్‌లో పదిమందిలో దాదాపు ఎనిమిది మందికి చేయి నొప్పి, సగానికి దగ్గరగా ఒళ్లు నొప్పులు, నీరసం, ఐదుగురిలో ఒకరికి జ్వరం వచ్చాయి. రెండు మూడు రోజుల్లో తగ్గుతాయి. తర్వాతి రెండు రోజుల్లో పెళ్లిళ్లు, ప్రయాణాలు పెట్టుకోకండి.

డయాలసిస్ వాళ్లకి హెపటైటిస్ బి టీకా మామూలు మోతాదుకి రెట్టింపు, 40 మైక్రోగ్రాములు, 0, 1, 2, 6 నెలల్లో నాలుగుసార్లు వేస్తారు. ఆఖరి డోసు వేసిన నెల నుంచి రెండు నెలల్లోపు, టీకా పట్టిందో లేదో చెప్పే యాంటీ హెచ్‌బీఎస్ పరీక్షలో 10కి తగ్గకుండా రావాలి. సగం మోతాదుతో సరిపెడుతుంటే అడగండి.

ఫ్లూ, న్యుమోనియా టీకాలు ఒకేరోజు రెండు చేతులకి వేయించుకోవచ్చు. కానీ ఇదివరకు ఏదో ఒకటి పడలేదన్న అనుమానం ఉంటే రెండు వారాల తేడాతో వేయించుకోండి. ఏది ఏం చేసిందో తెలుస్తుంది.

కొనడం, తీసుకెళ్లడం

పెద్దవాళ్ల టీకాలు చాలావరకు మనమే కొనుక్కుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాం. బెజవాడ సూర్యారావుపేటలో కొన్నా, గుంటూరు కొత్తపేటలో కొన్నా టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. చాలామంది ఐస్ గడ్డల్లో గుచ్చి తీసుకెళ్తారు. అది తప్పు. అల్యూమినియం ఉన్న టీకాలు గడ్డకడితే పనితనం పోతుంది, వేసినచోట వాపు ఎక్కువ రావచ్చు. ఐస్ ప్యాక్‌కీ డబ్బాకీ మధ్య గుడ్డ లేదా అట్టముక్క పెట్టండి, దారిలో వేరే పనులు పెట్టుకోకండి. డబ్బా మీద పేరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఫోనులో ఫొటో తీసుకోండి. తర్వాత ఏదైనా జరిగితే ఆ ఫొటో లేకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

సూది వేసేటప్పుడు

ఖాళీ కడుపుతో వెళ్లొద్దు. రోజూ వేసుకునే మాత్రలు వేసుకునే వెళ్లండి. నొప్పి రాకూడదని ముందుగానే పారాసిటమాల్ వేసుకోవడం అనవసరం. నర్సుకి చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. డయాలసిస్ కోసం ఫిస్టులా పెట్టిన చేతికి వేయకూడదు. రొమ్ము ఆపరేషన్‌లో చంక బిళ్లలు తీసిన వైపూ వద్దు. వార్ఫరిన్ లాంటి రక్తం పలచబడే మందు వాడుతుంటే సన్న సూదితో, 23 గేజ్ లేదా అంతకంటే సన్నదానితో, వేయించుకుని రెండు నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకోవాలి. రుద్దకూడదు. రక్తం ఎంత పలచబడిందో చెప్పే ఐఎన్‌ఆర్ మీకు నిర్ణయించిన హద్దు దాటి ఉంటే ఆరోజు ఆగండి. అటెనోలాల్, మెటోప్రోలాల్ వంటి బీపీ, గుండె మందులు వాడుతున్నారని కూడా చెప్పాలి. అలర్జీ తీవ్రంగా వస్తే ఇచ్చే అడ్రినలిన్ పనిని ఇవి మందగింపజేస్తాయి.

చొక్కా చేయి పైకి మడిచి ఉంచితే సూది భుజం పైభాగంలోకి పోవచ్చు, కీలు పొర దెబ్బతిని నెలల తరబడి చేయి లేవకపోవచ్చు. భుజం ఎముక అంచు నుంచి రెండు మూడు వేళ్ల కింద కండలో పడాలి. చొక్కా ఒకవైపు విప్పేయడమే మంచిది. జాకెట్ చేతులు బిగుతుగా ఉండేవి ఆరోజు వేసుకోకండి.

తర్వాత అరగంట అక్కడే కూర్చోండి. కళ్లు తిరిగి, చెమటపట్టి, నాడి నెమ్మదించి, పడుకోగానే తేరుకుంటే భయపడనక్కర్లేదు. దద్దుర్లు, పెదాల వాపు, పిల్లికూతలు, వేగంగా కొట్టుకునే నాడి, బీపీ పడిపోవడం కలిసి వస్తే అది అనాఫిలాక్సిస్, ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ. అప్పుడు తొడకండలోకి అడ్రినలిన్ పడాలి, పెద్దవాళ్లకు అర మిల్లీగ్రాము. అవిల్, డెక్సా ఇంజెక్షన్లు దానికి బదులు కావు. అడ్రినలిన్ పెట్టని చోట టీకా వేయించుకోవద్దు. ఇంటికి వెళ్లాక ఇవి కనిపిస్తే 108.

తర్వాతి రోజుల్లో

చేయి నొప్పి, ఒళ్లు నొప్పులు, కాస్త జ్వరం చాలాసార్లు మొదటి రెండు రోజుల్లోనే వచ్చిపోతాయి. చేతిమీద తడిగుడ్డ వేయండి, చేయి కదుపుతూ ఉండండి, బామ్ రుద్దొద్దు. వేసిన వైపు చంకలో బిళ్ల కడితే కొన్ని వారాలు ఉండవచ్చు. ఈలోగా మామోగ్రామ్, పెట్ స్కాన్ ఉంటే ఏ చేతికి ఎప్పుడు వేశారో స్కాన్ చేసేవాళ్లకి తప్పక చెప్పండి.

జ్వరానికి పారాసిటమాల్ 500 లేదా 650, ఆరు గంటలకొకటి. కాలేయం దెబ్బతిన్నవాళ్లు రోజుకి 2 గ్రాములు దాటకూడదు, డాక్టరు ఇంకా తగ్గించి చెబితే అంతే. జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది, దాన్నీ కలిపి లెక్కేసుకోండి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఏసెక్లోఫెనాక్ కలిసిన మాత్రలు కిడ్నీ జబ్బు, గుండె వైఫల్యం, రక్తం పలచబడే మందులు ఉన్నవాళ్లకి వద్దు. అన్నిటికంటే ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతుంది. మందుల షాపులో జ్వరం, ఒళ్లు నొప్పులంటే ఆ కాంబినేషన్ మాత్రే చేతిలో పెడతారు. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ పెరిగాక తప్పు టీకాది అంటారు.

తాగేవాటిలోనూ జాగ్రత్త. కిడ్నీ వాళ్లకి కొబ్బరినీళ్లలోని పొటాషియం ప్రమాదం, ఓఆర్‌ఎస్ కూడా డాక్టరుని అడిగే. నీళ్ల కొలత పెట్టినవాళ్లు జ్వరమని ఆ కొలత దాటొద్దు. మిగతావాళ్లు మజ్జిగ ఎంతైనా తాగవచ్చు, షుగరు లేకపోతే గంజి కూడా. టీకాకి పథ్యమేమీ లేదు.

షుగరు వాళ్లు మూడు నాలుగు రోజులు రోజుకి నాలుగుసార్లు చూసుకోండి. అన్నం తినకపోయినా ఇన్సులిన్ పూర్తిగా మానకూడదు, మోతాదు అడిగి తగ్గించుకోవాలి. వాంతులై ఏమీ నిలవకపోతే మెట్‌ఫార్మిన్, డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ తాత్కాలికంగా ఆపాలా అని అదేరోజు ఫోన్‌చేసి అడగండి. చివరి రెండు మందులతో షుగరు పెద్దగా పెరగకుండానే రక్తాన్ని ఆమ్లంగా మార్చే కీటోన్లు పెరగవచ్చు. షుగరు 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంటకి మళ్లీ చూడండి. ఏళ్లుగా స్టెరాయిడ్ వాడేవాళ్లు నలతగా ఉందని ఒక్కరోజు కూడా మాత్ర మానొద్దు.

కీళ్లవాతం తిరగబెట్టిందా, టీకా నొప్పులా అన్నది వాపు చెబుతుంది. టీకా నొప్పి కండల్లో, ఒళ్లంతా ఉండి మూడోరోజుకి సడలుతుంది. కీలు వాచి వేడిగా ఉండి, పొద్దుటి బిగుతు మీ డైరీలో ఉన్న నిమిషాలకంటే బాగా పెరిగి, వారం దాటినా తగ్గకపోతే డైరీ తీసుకుని కీళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఆగకుండా వెళ్లాల్సినవి

కీమో, అవయవ మార్పిడి మందులు, రిటుక్సిమాబ్ వాడేవాళ్లకి 100.4 డిగ్రీల జ్వరం వస్తే టీకా జ్వరమేలే అని కూర్చోకూడదు. మిగతావాళ్లకి జ్వరం రెండు రోజులు దాటితే పరీక్ష చేయించాలి. ముఖ్యంగా వానాకాలంలో, డెంగీ, మలేరియా అప్పుడే ఉంటాయి. గొంతునొప్పి, దగ్గు, జలుబు ఫ్లూ ఇంజెక్షన్ వల్ల రావు. మూడోరోజు తర్వాత సూది పడ్డచోటి ఎరుపు ఇంకా పాకుతూ వేడిగా ఉంటే చీము అనుమానించాలి. ఛాతీనొప్పి, ఆయాసం, కాళ్లలో మొదలై పైకి పాకే బలహీనత వస్తే ఆసుపత్రికే. ఆ బలహీనత టీకా తర్వాత ఆరు వారాల్లోపు ఎప్పుడొచ్చినా టీకా తేదీ చెప్పాలి. భుజం నొప్పి రెండు రోజుల్లోపు మొదలై వారాల తరబడి పోకపోతే ఎముకల డాక్టరుకి చూపించాలి.

రిపోర్టు ఇవ్వడం

ప్రభుత్వ కేంద్రంలో వేసిన టీకా అయితే ఏఎన్‌ఎం లేదా మెడికల్ ఆఫీసరుకి చెప్పండి, అక్కడినుంచి జిల్లా ఇమ్యునైజేషన్ ఆఫీసరుకి వెళ్తుంది. ప్రైవేటులో వేయించుకున్నా మీరే నేరుగా 1800-180-3024 కి పని దినాల్లో పొద్దున 9 నుంచి సాయంత్రం 5.30 లోపు ఫోన్ చేయవచ్చు. గాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మాకోపియా కమిషన్ నడిపే నంబరు అది, డబ్బులు పడవు. రోగులు నింపే ఫారం తెలుగులోనూ ఉంది. గుంటూరు మెడికల్ కాలేజీ, విజయవాడ సిద్ధార్థ, మంగళగిరి ఎయిమ్స్ ఫార్మకాలజీ విభాగాల్లో అడిగితే ఎలా నింపాలో చెబుతారు. టీకా పేరు, బ్యాచ్, వేసిన టైము, లక్షణం మొదలైన టైము, ఆ వారం వాడిన ప్రతి మందూ రాయండి, ఆర్‌ఎంపీ ఇంజెక్షన్‌తో సహా. అనుమానం ఉంటే చాలు, టీకా వల్లేనని మీరు రుజువు చేయనక్కర్లేదు.

ఫైలు మీద "టీకా పడదు" అని మాత్రం రాయించుకోవద్దు. ఆ రెండు మాటలు చూసి తర్వాత ఏ డాక్టరూ ఏ టీకా వేయడు, కుక్క కరిచినప్పుడు కూడా తటపటాయిస్తారు. 2021లో కోవిషీల్డ్‌తో వచ్చిన జ్వరానికీ ఫ్లూ టీకాకీ సంబంధం లేదు, రెండూ వేరే పద్ధతిలో తయారయ్యేవి. "ఫలానా టీకా, రెండో డోసు, వేసిన 9 గంటల తర్వాత 102 జ్వరం, రెండురోజులు, పారాసిటమాల్‌తో తగ్గింది, షుగరు 240 దాకా" అని రాయించండి. తర్వాతి డోసుకి డాక్టరు చూసేది ఆ వరుసనే.