చిన్న విశ్వవిద్యాలయంలో విద్యార్థి పత్రికల చరిత్రను రాయడం ఎలా?

పెద్ద విశ్వవిద్యాలయాల విద్యార్థి పత్రికల చరిత్ర చాలావరకు నమోదై ఉంటుంది. హార్వర్డ్ విద్యార్థులు 1873లో ‘మెజెంటా’ పేరుతో ప్రారంభించి 1875లో ‘క్రిమ్సన్’గా మార్చుకున్న పత్రిక నేటికీ వెలువడుతోంది. చిన్న విశ్వవిద్యాలయంలో పరిస్థితి వేరు. ఉత్సాహవంతులైన ఇద్దరు ముగ్గురు చదువు ముగించుకొని వెళ్లిపోగానే పత్రిక ఆగిపోతుంది; కొన్నేళ్లకు మరికొందరు, పాత పత్రిక సంగతే తెలియకుండా, మరో పేరుతో కొత్తదాన్ని మొదలుపెడతారు. కాబట్టి ఇక్కడ వెలువడిన సంచికలను లెక్కించడంతో పని పూర్తికాదు. పత్రిక ఎప్పుడు, ఎందుకు ఆగిందో తేల్చడమే, నా దృష్టిలో, అసలు పని.

ముందుగా దొరికిన ప్రతి సంచికకూ పేరు, తేదీ, సంపుటి, సంచిక సంఖ్య, సంపాదకవర్గం, ముద్రణాలయం, పుటల సంఖ్య ఒక పట్టికలో రాసుకోవాలి. సంపుటి సంఖ్యను ప్రత్యేకంగా గమనించాలి. ఐదో సంపుటి తరువాత మళ్లీ ‘సంపుటి 1, సంచిక 1’ కనిపిస్తే, పేరు అదే అయినా, నిర్వాహకులు తమది కొత్త పత్రిక అనుకున్నారనో, పాత సంచికలు వారి చేతికి అందలేదనో భావించవచ్చు. సంపాదకుల పేర్లన్నీ ఒక్కసారిగా మారిన చోట కూడా ఇటువంటి తెగుదలే ఉండే అవకాశం ఉంది.

తేదీ లేని సంచికల విషయంలో కాగితమూ సిరా సాక్ష్యం చెబుతాయి. మైనపు కాగితంపై అక్షరాలు కోసి (స్టెన్సిల్), వాటి గుండా సిరా పోనిచ్చి నకలు తీసిన సైక్లోస్టైల్ ప్రతిలో సిరా గరుకు కాగితంలోకి ఇంకి, అక్షరాల గుండ్రని భాగాలు అక్కడక్కడ పూడుకుపోయి కనిపిస్తాయి. ఊదారంగు అక్షరాలుంటే అది చాలావరకు స్పిరిట్ డూప్లికేటర్ (స్పిరిట్‌తో తడిపిన కాగితంపై నకళ్లు తీసే యంత్రం) ప్రతి. ఆ యంత్రం 1923లో వచ్చింది గనుక, ప్రతి దానిదే అయితే, సంచిక అంతకు ముందుది కాజాలదు. ఆ రంగు వెలుతురుకు వెలిసిపోతుంది కనుక అటువంటి ప్రతులను అన్నిటికంటే ముందు స్కాన్ చేయించాలి. నల్లని పొడి కాగితం పైన పేరుకున్నట్లుంటే అది జిరాక్స్ ప్రతి కావచ్చు. సాదా కాగితంపై పనిచేసే తొలి కార్యాలయ యంత్రం 1959లో విడుదలైంది. కంప్యూటర్‌లో పేజీలు కూర్చిన జాడలుంటే, పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ వచ్చిన 1985 తరువాతి కాలంలో వెతకడం మంచిది. ఇవన్నీ ‘ఇంతకు ముందు కాదు’ అని మాత్రమే చెబుతాయి; చిన్నచోట్ల పాత యంత్రాన్ని పాడయ్యేదాకా వాడుతూనే ఉంటారు.

గ్రంథాలయంతో ఆగిపోకూడదు. అక్కడ సంపుటాలను బైండు చేసేటప్పుడు అట్టలనూ ప్రకటనల పుటలనూ తీసివేయడం మామూలే. పత్రికకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేవి ఆ పుటలే కావడం విచారకరం! విడి ప్రతులు పూర్వ విద్యార్థుల దగ్గర దొరకవచ్చు. విద్యార్థి సంఘపు తీర్మానాల పుస్తకం, జమాఖర్చుల పుస్తకం తప్పక చూడాలి. ముద్రణ ఖర్చు నిలిచిపోయిన సంవత్సరమూ, పాలకవర్గం ఏదో ఒక వ్యాసానికి అభ్యంతరం చెప్పిన సంవత్సరమూ ఒకటే అయితే కారణం అక్కడే దొరకవచ్చు. అయితే రెండింటికీ సంబంధం ఉందని పత్రం చూపనిదే రాయకూడదు. గోడపత్రికలకు, లిఖిత పత్రికలకు ప్రతులు మిగలడం అరుదు గనుక ఛాయాచిత్రాల మీదా జ్ఞాపకాల మీదా ఆధారపడక తప్పదు.

పూర్వ సంపాదకులను కలిసినప్పుడు ‘ఏం గుర్తుంది?’ అని అడిగితే అందరూ పోరాటగాథలే చెబుతారు. ఒక సంచికను వారి చేతికిచ్చి, ఈ పుటను ఎవరు కూర్చారు, ప్రూఫు ఎవరు దిద్దారు, ప్రతులు ఎక్కడ పంచారు అని అడగాలి. వారు చెప్పిన తేదీలను పట్టికతో సరిచూసుకోవాలి.

స్కాన్ చేసిన సంచికలను బహిరంగంగా ఉంచదలిస్తే రచయితల అనుమతి తీసుకోవాలి. పత్రిక విశ్వవిద్యాలయానిదే అయినా వ్యాసాల హక్కులు రాసినవారివే అయి ఉండవచ్చు. హాస్యం పేరిట తోటి విద్యార్థులను పేరుపెట్టి ఎగతాళి చేసిన పుటలను పరిశోధకులకు మాత్రమే చూపి, బహిరంగ ప్రతిలో ఆ పేర్లను కప్పివేసి, కప్పినట్లు అక్కడే తెలియజేయాలి.