పాత హింసకు ప్రభుత్వం చేత లెక్క చెప్పించడం ఎలా

పోలీసు కాల్పుల్లోనో, లాకప్పులోనో, ఊరి మీద జరిగిన దాడిలోనో మనిషిని పోగొట్టుకున్న కుటుంబానికి పరిహారం మంజూరైతే, అంతటితో వ్యవహారం ముగిసిందని అధికారులు భావిస్తారు. నా దృష్టిలో అది ముగింపు కాదు. ఏం జరిగింది, ఎవరి ఆదేశం మీద జరిగింది, బాధ్యులకు ఏ శిక్ష పడింది, మళ్లీ జరగకుండా ఏ నిబంధన మార్చారు అన్న ప్రశ్నలకు రాతపూర్వకంగా జవాబు వచ్చేదాకా ప్రభుత్వం లెక్క చెప్పినట్లు కాదు. ఆ జవాబు రాబట్టాలంటే పేర్లు, వాంగ్మూలాలు, కాగితాలు కూర్చిన ఫైలు మన చేతిలో ఉండాలి.

ముందుగా చనిపోయినవారి, గాయపడినవారి పేర్లను ఇంటిపేరు, వయసు, తండ్రి లేదా భర్త పేరుతో సహా రాయాలి. తరువాత వాంగ్మూలాలు. నెల్లూరు ప్రాంతంలో పెద్దవాళ్లను తేదీ అడిగితే "కావలి తుఫానుకు ముందొచ్చిన సంక్రాంతి" అనవచ్చు. ఆ మాటను అలాగే రాసుకుని, ఆ తుఫాను 1989 నవంబరులో వచ్చింది కాబట్టి 1989 జనవరి అన్న మన అంచనాను పక్కన విడిగా గుర్తించాలి. కళ్లారా చూసినదాన్నీ, ఇతరుల ద్వారా విన్నదాన్నీ కలపకూడదు. మాట తడబడినప్పుడు మనం అందించకూడదు. దుఃఖం పొంగుకొస్తే ఆపి మరో రోజు వెళ్లాలి. వారి అనుమతి లేకుండా పేరు బయటపెట్టడం మరో హింసే అవుతుంది.

ఇక కాగితాలు. ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, మెజిస్టీరియల్ విచారణ నివేదికల నకళ్ల కోసం సంబంధిత కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. ఇరవై ఏళ్లు దాటిన సంఘటనల సమాచారాన్ని, కొద్ది మినహాయింపులు తప్ప, ఇవ్వాల్సిందేనని 2005 నాటి ఆ చట్టంలోని సెక్షన్ 8(3) చెబుతుంది కాబట్టి దాన్ని దరఖాస్తులోనే ఉటంకించడం మంచిది. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయాలి. రాష్ట్ర ప్రభుత్వం విచారణ కమిషన్ వేసి ఉంటే, 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం ప్రకారం ఆ నివేదికను, తీసుకున్న చర్యల వివరాలతో పాటు, ఆరు నెలల్లో శాసనసభ ముందుంచాలి. ఉంచారా లేదా అన్నది తప్పక అడగాలి. జాతీయ మానవ హక్కుల కమిషన్ మాత్రం ఏడాది దాటిన ఉదంతాలను విచారించదు కనుక, కొత్త ఘటన అయితే ఆలస్యం పనికిరాదు.

ఈ శ్రమ వృథా పోదు. అర్జెంటీనాలో తల్లులు 1977 నుంచి వీధిలోకి వచ్చి, సైనిక పాలనలో మాయమైన బిడ్డల కోసం అడుగుతూనే ఉన్నారు. 1983లో ఏర్పడిన కమిషన్ కుటుంబాల వాంగ్మూలాలతో దాదాపు తొమ్మిది వేల మంది వివరాలు నమోదు చేసింది, 1985లో సైనిక పాలకులే బోను ఎక్కారు. తరువాత వచ్చిన చట్టాలు ఆ విచారణలకు అడ్డుపడినా, 2005లో అక్కడి సుప్రీంకోర్టు వాటిని కొట్టివేసింది. మన దగ్గర, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో 1985 జులై 17న ఆరుగురు దళితులు హత్యకు గురైన కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2008లో వచ్చింది. అన్నేళ్లూ బాధితులు, సాక్షులు నిలబడవలసి వచ్చిందంటే ఆ ఓపిక ఎంతటిదో ఊహించవచ్చు.

ఫైలు సిద్ధమైతే అసలు ప్రతులు కుటుంబం దగ్గరే ఉంచి, నకళ్లను వేర్వేరు ఇళ్లలోనూ, న్యాయవాది దగ్గర కూడా భద్రపరచాలి. ఒంగోలు లేదా నెల్లూరు కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, రసీదు అడిగి తీసుకుని, ఆ నంబరును ఫైలు మొదటి పేజీ మీద రాయాలి.