త్రికోణమితి సర్వసమీకరణాలను నిరూపించడం ఎలా?

తిరుపతిలో పదో తరగతి పిల్లలకు సాయంత్రం పూట లెక్కలు చెబుతూ నేను గమనించినదేమిటంటే, సూత్రాలన్నీ కంఠతా వచ్చినవారు కూడా సర్వసమీకరణాన్ని, అంటే రెండు వైపులూ నిర్వచితమైన ప్రతి కోణానికీ నిజమయ్యే సమీకరణాన్ని, ‘నిరూపించండి’ అనే మాట కనబడగానే ఎక్కడ మొదలుపెట్టాలో తోచక కలం పట్టుకుని కూర్చుండిపోతారు.

ముందుగా లంబకోణ త్రిభుజం గీసి, పైథాగరస్ సిద్ధాంతం నుంచి సైన్² + కాస్² = 1 అని మీరే రాబట్టండి. దాన్ని కాస్²తో భాగిస్తే 1 + టాన్² = సెక్², సైన్²తో భాగిస్తే 1 + కాట్² = కొసెక్² వస్తాయి కనుక మూడింటినీ బట్టీ పట్టనక్కరలేదు. (ఇక్కడ కోణం తీటాను రాయడం లేదు, పరీక్షలో తప్పక రాయాలి.)

తరువాత రెండు వైపులలో ఎక్కువ చిక్కుగా ఉన్నదాన్ని తీసుకోండి. (సెక్ − టాన్)² = (1 − సైన్)/(1 + సైన్) అని నిరూపించాలనుకుందాం. ఒక అమ్మాయి ఎడమవైపును సెక్² − టాన్² అని రాసి, “ఒకటి వచ్చింది సార్” అంది. 30 డిగ్రీలు పెట్టి చూడమన్నాను. సెక్ 2/√3, టాన్ 1/√3, భేదం 1/√3, దాని వర్గం 1/3. కుడివైపు కూడా 1/3. తప్పు ఎక్కడుందో తనే పట్టుకుంది. అయితే ఇలా విలువ పెట్టి చూడటం తప్పును పట్టిస్తుందే తప్ప నిరూపణ కాదు; సైన్ + కాస్ = 1 అనేది 0, 90 డిగ్రీల వద్ద నిజమే, 30 వద్ద కాదు.

ఇప్పుడు అన్నింటినీ సైన్, కాస్‌లలోకి మార్చితే ఎడమవైపు (1 − సైన్)²/కాస్² అవుతుంది. లవాన్ని విస్తరించాలన్న తొందర వద్దు. చేరవలసిన కుడివైపున కాస్ లేదు కాబట్టి హారంలో కాస్² స్థానంలో 1 − సైన్² రాసి, దాన్ని (1 − సైన్)(1 + సైన్)గా విడదీస్తే, ఒక (1 − సైన్) కొట్టివేయబడి కుడివైపు వచ్చేస్తుంది. సెక్ నిర్వచితమైన చోట కాస్ సున్న కాదు, అందువల్ల 1 − సైన్ కూడా సున్న కాదు. కొట్టివేతకు అనుమతి అదే.

అడ్డగుణకారం మాత్రం చేయకండి. నిరూపించవలసినదాన్నే నిజమని ముందుగా ఒప్పుకున్నట్లవుతుంది.

అలిపిరి నుంచి ఎక్కినా, శ్రీవారి మెట్టు నుంచి ఎక్కినా చేరేది తిరుమలకే. అలాగే ఇదే లెక్కను కుడివైపు నుంచి, లవహారాలను (1 − సైన్)తో గుణించి చేయండి. ప్రతి మెట్టు పక్కన వాడిన సూత్రాన్ని రాయండి. అది వచ్చాక, పుస్తకం మూసి కాస్/(1 − సైన్) = (1 + సైన్)/కాస్ అని నిరూపించండి.