మొక్క నాటేటప్పుడు వ్యామ్ ఎక్కడ వేయాలి?

గట్టున టేకు, వేప మొక్కలు నాటేవాళ్లకు ఒక మాట. వ్యామ్ అంటే వేళ్లతో కలిసి బతుకుతూ చెట్టుకు మేలుచేసే శిలీంధ్రం, అంటే ఒక రకం బూజు. ఆ పొడిని పైపైన చల్లితే దండగే. కవరు చింపాక మట్టిగడ్డ కింద, వేళ్లకు తగిలేలా గుంతలోనే వేయాలి. ఆ శిలీంధ్రం వేరు లోపలికి దూరి, వెంట్రుకకన్నా సన్నని పోగుల్ని మట్టిలోకి చాస్తుంది. వేరుకు అందని చోట ఉన్న భాస్వరం, జింకు తెచ్చి చెట్టుకిస్తుంది. బదులుగా ఆకులు తయారుచేసిన చక్కెర తీసుకుంటుంది. అడవిలో చెట్లకు డీఏపీ ఎవరు వేశారు మరి!

అందుకే గుంతలో డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్ లాంటి భాస్వరం ఎరువులు గుప్పెళ్లతో పోయకండి. భాస్వరం దండిగా దొరికితే వేరు ఈ శిలీంధ్రాన్ని పెద్దగా రానివ్వదు. వ్యామ్ దొరకనప్పుడు నేనైతే పాత వేపచెట్టు కింద, సన్నవేళ్లున్న చోట, ఈ శిలీంధ్రం ఉండే మట్టి రెండు దోసిళ్లు తెచ్చి కలుపుతాను. శిలీంధ్రాల్ని చంపే మందు కార్బెండజిమ్ మాత్రం ఆ గుంతలో పోయొద్దు.