మూకీ కామెడీని ఇంట్లో అందరూ కలిసి ఎలా చూడాలి?

మొదటిసారి చూసేవాళ్ళకు నేనెప్పుడూ చెప్పేది చార్లీ చాప్లిన్ 1921లో తీసిన ‘ది ఐడిల్ క్లాస్’. నిడివి అరగంటే. గొప్పవాళ్ళ గోల్ఫ్ మైదానం, ఒక ఇల్లాలు, అచ్చం ఒకేలా ఉండే ఇద్దరు మగాళ్ళు. అంతే కథ.

1. చాప్లిన్ స్వయంగా కూర్చిన సంగీతం ఉన్న ప్రతిని వెతకండి. ఏదో ఒక పియానో ముక్క అతికించినవి వద్దు.

2. కథంతా ముందే చెప్పేయకండి. తాగుబోతు శ్రీమంతుడు, రైల్లో దొంగచాటుగా వచ్చిన దేశదిమ్మరి, ఇద్దరూ చాప్లినే అని మాత్రం చెప్పండి. ద్విపాత్రాభినయం మనకు కొత్తేమీ కాదు, ఇట్టే పట్టుకుంటారు.

3. తెరమీద వచ్చే అక్షరాలను ఒకరు తెలుగులో పైకి చదవాలి. మూకీల రోజుల్లో మన దేశపు హాళ్ళలోనూ తెర పక్కన నిలబడి కథ చెప్పే మనిషి ఉండేవాడు. ఆ పని ఇంట్లో గొంతున్న అమ్మమ్మకో తాతయ్యకో అప్పగించండి.

4. గోల్ఫ్ రాకముందే ఒక నియమం చెప్పాలి: ఎవరి బంతిని వాళ్ళే కొట్టాలి. దిమ్మరికి సొంత బంతి లేదు. పరాయివాళ్ళ బంతి కొట్టేసి, వాళ్ళలో వాళ్ళకు తగవు పెట్టి, తను మాత్రం ఏమీ ఎరగనట్టు నిలబడతాడు. ఈ నియమం తెలియని పిల్లలకు ఇక్కడ సగం నవ్వు పోతుంది.

5. అన్నిటికన్నా ముఖ్యం, శ్రీమంతుడికి భార్య ఉత్తరం వచ్చే దృశ్యం. తాగుడు మానేదాకా వేరే గదుల్లో ఉంటానని రాస్తుంది. అతను మనకు వీపు తిప్పుతాడు. భుజాలు కదులుతుంటాయి. ఏడుస్తున్నాడని మన గుండె కరుగుతుంది. ఇటు తిరిగేసరికి చేతిలో కాక్‌టెయిల్ మందును గిలకొట్టి కలిపే మూతగిన్నె! అప్పుడు మాత్రం ఎవరినీ మాట్లాడనివ్వకండి. నవ్వు తగ్గాక వెనక్కి జరిపి మళ్ళీ చూపించండి. ముఖం చూపకుండా వీపుతో ఇంత నటించిన మనిషిని నేను వేరే చూడలేదు.

6. చివర వేషాల విందు. ఇనుప కవచంలో ఇరుక్కుపోయిన భర్త ముఖం ఎవరికీ కనబడదు. దిమ్మరి చింకిబట్టలనేమో వేషమనుకుని, అతన్నే భర్తగా పొరబడుతుంది ఆ ఇల్లాలు. పొరపాటు తెలిశాక దిమ్మరి ముఖం ఎలా మారుతుందో పిల్లల్నే చెప్పమనండి.